నూనెను కాచిన పాత్రలు

మా యింట నువ్వుల నూనెకు ప్రత్యేకమైన మర్యాద యేదియు నెన్నడును జరుగలేదు. వంటింటి అటక క్రింద, పొయ్యికి బారెడు దూరమున, మసిబారిన గోడ కానుకొని మా అమ్మమ్మనాటి పింగాణి జాడి యొకటి యుండెడిది. గానుగనుండి వచ్చిన నూనెను దానిలో పోసి, మూతికి గుడ్డతో వాసెన గట్టి, నెలల తరబడి వాడుకొనుచుండెడివారు. అది చెడినదని యొక్కనాడైనను ఎవరును చెప్పుకొనగా నేను వినలేదు. ఆ యలవాటుతోడనే, విదేశమునుండి మా మేనల్లుడు ప్రీతితో తెచ్చిన ఒలీవ నూనె సీసాను, తెల్లని గాజులో పచ్చగా తళతళలాడుచున్న దానిని, వచ్చినవారందఱకును కనబడవలెనను ముచ్చటతో వంటింటి కిటికీ గూటిలో నిలిపితిమి. తూరుపుటెండ ప్రతిదినమును ఆ సీసాగుండ ప్రసరించి యెదుటిగోడపై లేతపచ్చని నీడను వేయుచుండగా చూచి యానందించితిమి. రెండు నెలలు గడచినవి. ఒకనాటి యుదయమున మూత తీయగా, తెచ్చిననాడు అప్పుడే కోసిన పచ్చిగడ్డివలె గుబాళించిన యా నూనె, నిలువయున్న వేరుసెనగపప్పు కొట్టెడి కనరు వాసనతో ముక్కును తాకెను. నాలుకపై వేసికొన్న చుక్క మైనమువలె అంటుకొని గొంతును గీరెను. తెచ్చినవాని ప్రేమ కపచారము చేసితినను బాధ నన్ను చాలదినములు వదలలేదు.

ఆ బాధయే యీ వ్యాసమునకు మూలము. ఈ నూనెకు మన భాషలో రెండు పేర్లు చిరకాలమునుండి కలవు. క్రైస్తవ వేదగ్రంథమును తెలిగించినవారి వలన ‘ఒలీవ’ యను మాట మన పల్లెల ప్రార్థనామందిరములవఱకు పోయి నిలిచినది. హైదరాబాదు ప్రాంతమున ఉర్దూ పలుకుబడి వలన ‘జైతూన్’ అనునది వాడుకలో నున్నది. పేర్లు పాతవైనను వస్తువు మనకు క్రొత్తది. మొన్నమొన్నటి వఱకు అది మందుల దుకాణమున చిన్నసీసాలో దొరకెడి, పసిబిడ్డల యొంటికి మర్దన చేసెడి ద్రవ్యమేకాని వంటింటి సరకు కాదు. కావుననే దానిని నిలువచేయు తెలివి తల్లినుండి కూతురునకు, అత్తనుండి కోడలికి సంక్రమించునట్లుగా మన యిండ్లలో సంక్రమింపలేదు. ఆ తెలివి సంపాదించినవారు మధ్యధరా సముద్రతీరవాసులు. దీపమునకును, దేహమునకును, దేవునికిని, భోజనమునకును ఒక్క నూనెనే నమ్ముకొని నాలుగువేల యేండ్లుగా బ్రదుకుచున్న యా జనులు దానినెట్లు కాపాడుకొనిరో విచారింపగా, వారి విద్యలో నధికభాగము గ్రంథములలో గాక పాత్రలలోను, పాత్రలుంచిన గదులలోను నిక్షిప్తమైయున్నట్లు నాకు తోచినది.

వారికి సహజముగా వచ్చిపడిన చిక్కు నొకదానిని ముందుగా చెప్పవలెను. ద్రాక్షాసవము ఏండ్లు గడచినకొలది పక్వమై విలువ హెచ్చును. నూనె ఏండ్లు గడచినకొలది క్షీణించును. వెసూవియస్ పర్వతము బ్రద్దలైన క్రీ.శ. 79లో ప్రాణములు కోలుపోయిన రోమను పండితుడు ప్లినీ యీ భేదమును స్పష్టముగా గుర్తించి, నూనెకు ముసలితనము వెగటు దెచ్చుననియు, దాని యాయుర్దాయ మొక్క సంవత్సరమనియు వ్రాసియుంచెను. అయితే ఒలీవచెట్టు ఏడాదికొక్కసారి మాత్రమే, శరదృతువునుండి చలికాలమువఱకు కాపునిచ్చును. అదియైనను ఒక యేడు విరగగాచిన చెట్టు మఱుసటి యేడు విశ్రమించుట దాని స్వభావము. మన మామిడి యెఱిగిన వారికిది వింతగాదు. అనగా నొక యేడు పండిన నూనెను, దాని యాయువు తీఱిన పిమ్మటగూడ, కాపులేని యేటికై నిలువయుంచుకొనక గృహస్థునకు గత్యంతరము లేదు. తొందరగా చెడు వస్తువును దీర్ఘకాలము దాచవలసివచ్చుటయే యీ చరిత్రకంతకును బీజము.

క్రీట్ ద్వీపమున క్నోసస్ అనుచోట 1878లో ఒక వర్తకుడు నేల త్రవ్వించెను. పురాణప్రసిద్ధుడైన యచ్చటి మినోస్ రాజు పేరే యాతనికిని ఉండుట చిత్రము. ఆయన మినోస్ కాలొకైరినోస్. ఆ త్రవ్వకములో ఇఱుకైన పొడవాటి కొట్లలో వరుసలుదీరి నిలిచియున్న మహాభాండములు బయల్పడినవి. 1900లో ఆర్థర్ ఎవాన్స్ పూనుకొని సౌధమునంతయు వెలికితీయగా, పడమటి పార్శ్వమునందు అటువంటి కొట్లు 18 లెక్కకు వచ్చినవి. ‘పిథోస్’ అను నా భాండములలో కొన్ని నిలువెత్తు మనిషికి సమానమైనవి. ఒడలిపై త్రాళ్ళు చుట్టినట్లే మట్టితో పట్టీలు తీర్చియుండును. పైనుండి క్రిందికి చిన్నచిన్న చెవులు వరుసగా పొదిగియుండును. అవి అలంకారము మాత్రమే కాదు: అంత బరువైన పాత్రను కదలింపవలసివచ్చినపుడు నిజమైన త్రాళ్ళు ఆ చెవులలో దూర్చి యీడ్చెడివారు. మందమైన గోడల నడుమ, వెలుతురు సరిగా చొరని యా కొట్లలో, మొలలోతు మట్టిపాత్రలో నున్న నూనె వేసవి నెఱుగదు, ఎండ నెఱుగదు. చివరకు అగ్నియే దానికి మృత్యువైనది. ఆ సౌధము దగ్ధమైనపుడు కొట్లలోని నూనె మంటలకు తోడై గోడలకు మసిపూసినది. ఆ మంటలోనే పచ్చిమట్టి పలకలు కాలి గట్టిపడి మనవఱకు మిగిలినవి. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ పలకలపైని లిపిని ఛేదించి చదువగా, ఏ నెలలో నే దేవతకెంత నూనె యీవలెనో వ్రాసికొన్న పద్దులు వానిలో నుండెను. నూనె నశించి దాని లెక్క నిలిచినది.

ఏథెన్సు నగరమున నూనెను కాచుట రాజ్యాంగవిషయమే యయ్యెను. అచటి పవిత్రవృక్షముల నూనెను అధికారి వసూలుచేసి కొండకోటపై కోశాధికారుల కప్పగించవలెననియు, వారు దానిని పానాథెనాయియా యుత్సవమువఱకు భద్రపఱచి పోటీలను నడపువారికి కొలిచి యీయవలెననియు అరిస్టాటిల్ పేరిట వెలసిన ఏథెన్సు రాజ్యాంగగ్రంథము తెలుపుచున్నది. చలికాలపు నూనె, మండువేసవిలో జరుగు నుత్సవమునకు చెడక చేరవలెను. నాలుగేండ్ల కొకసారి జరుగు మహోత్సవములో రెండుగుఱ్ఱముల రథపందెమున గెలిచినవానికి 140 భాండముల నూనె బహుమానముగా నిచ్చినట్లు క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనమొకటి కలదు. ఒక్కొక్క భాండమునందు 36 లీటర్లకు పైగా పట్టును. ఒకవైపున అథీనా దేవి, మఱియొకవైపున గెలిచిన క్రీడయొక్క చిత్రము.

ఆ నగరపు సామాన్యగృహములోని చిన్నపాత్రను గుఱించి కూడ నొకమాట. ‘లెకిథోస్’ అను సన్నమెడ కూజా నుండి నూనె ధారగా గాక చుక్కచుక్కగా వచ్చును. పెదవి చుట్టును పళ్ళెమువలె వెడల్పై, జాఱిన చుక్కను మరల లోనికి పంపును. సమాధులయొద్ద నుంచుటకై చేసిన తెల్లని లెకిథోసులలో కొన్నింటికి మెడక్రిందనే లోపల మఱియొక చిట్టిగిన్నె యతికియుండును. కూజా పెద్దదిగా కనబడును, పట్టు నూనె మాత్రము పిడికెడంత. నూనె ఖరీదును, చనిపోయినవారియెడ మర్యాదను రెంటిని నిలుపుకొనదలచిన బీదయింటివారి కోసమై కుమ్మరి పన్నిన యుపాయమది కాబోలునని తలచినపుడెల్ల, ఆ చిట్టిగిన్నెను నేను వంచనగా భావింపజాలను.

ఇక రోమనులు. నూనె నిలువచేయుటను గుఱించి యింత శ్రద్ధతో వ్రాసిన జాతి మఱియొకటి లేదు. క్రీ.పూ. 234 మొదలు 149 వఱకు జీవించిన కేటో సేద్యమును గుఱించి వ్రాసిన గ్రంథమున, 240 యూగెరముల (రోమనుల భూమికొలత) ఒలీవతోటకు 100 నూనెభాండము లుండవలెనని సామానుల పట్టికలోనే చేర్చినాడు. క్రొత్తభాండమును నూనెకు సిద్ధపఱచు విధానమును ఆయన చెప్పిన తీరు మన పెద్దమ్మలు క్రొత్త ఆవకాయ జాడిని గుఱించి చెప్పినట్లే యుండును. ముందుగా భాండమును నూనెమడ్డితో నింపి ఏడుదినము లుంచవలెను. మట్టి పీల్చుకొన్నంత ప్రతిదినమును మరల పోయుచుండవలెను. ఎనిమిదవనాడు మడ్డిని తీసివేసి పాత్రను ఆరబెట్టవలెను. ముందురోజుననే చెట్టుబంకను నీళ్ళలో నానబెట్టి, మఱునాడు పలుచగా కలుపవలెను. పాత్రను సన్నని కట్టెలతో వేడిచేయవలెను; తారు పూయుటకు కావలసినంత వేడి వలదు, గోరువెచ్చన చాలును. అపుడు బంకనుపోసి లోపలంతయు నునుపుగా పులుమవలెను. సరిగా పులిమినచో ఏబది కొలతల పెద్దభాండమునకు నాలుగు పౌనుల బంక సరిపోవునట. ద్రాక్షాసవపు పాత్రలకు తారుపూయు రోమనులు నూనెపాత్రలకు బంక పూయుటలో నున్న వివేకము మెచ్చదగినది: తారు నూనెలో కరగును, బంక కరగదు; బంక మట్టిరంధ్రములను మూసి నూనెను గాలికి దూరము చేయును.

మడ్డిని గుఱించిన భయము కేటోకు మిక్కుటము. గానుగనుండి దిగినపుడు నూనెతోబాటు నల్లని చేదునీరు దిగును. దానిని వారు ‘అముర్కా’ యందురు. అది క్రిందనుండి పులియుచు పైనున్న నూనెకు తన కంపును అంటించును. అందుచేత నూనె తీయు పనివాడు గవ్వచిప్పతో పైపైని మెల్లగా తోడవలెననియు, చేయి యాపరాదనియు, మడ్డిమాత్రము చిప్పలోనికి రానీయరాదనియు, ఒక తొట్టిలోనుండి మఱియొక పాత్రలోనికి మార్చుచు అడుగున దిగినదానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెననియు ఆయన యాజ్ఞ. అట్లు తీసివేసిన మడ్డినైనను వృథాపోనీయలేదు. దానిని ధాన్యపుకొట్టు నేల నలుకుటకును, బట్టలపెట్టెకు చిమ్మెట పట్టకుండ పూయుటకును ఉపయోగించుమనెను. తెలికపిండిని పశువునకు పెట్టెడి మన రైతునకీ గుణము సుపరిచితము.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున, స్పెయిను దక్షిణతీరపు కాదీజు నగరమున పుట్టిన కొలుమెల్లా, నూనెగదిని గుఱించి చెప్పిన మాటలు మొదట చదివినపుడు నాకు విరుద్ధముగా తోచినవి. మనకిపుడు నూనెను చల్లనిచోట నుంచుమందురు. ఆయన నూనెగది వెచ్చగా నుండవలెననెను. వాస్తుశాస్త్రకారుడైన విత్రూవియసును అదేమాట చెప్పి, దక్షిణమునుండి వెలుతురు రావలెనని చేర్చెను. కారణము వెదకిచూడగా వారి భయము వేఱని తేలినది. చలికాలపు రాత్రులలో నూనె పేరుకొనును. పేరుకొన్న నూనెనుండి మడ్డి విడిపోదు. విడిపోని మడ్డి నూనెను చెఱచును. అంతమాత్రమున నిప్పు రాజేయుట కాయన యొప్పుకొనలేదు. పొగయు మసియు నూనె రుచిని పాడుచేయును గనుక, దీపము వెలిగింపవలసిన యవసరముగూడ లేకుండునట్లు గదిని సూర్యునివైపు త్రిప్పి కట్టుమనెను. నూనెకొట్టులో మూడు వరుసల తొట్లుంచి మొదటి త్రొక్కుడు నూనె నొకదానను, రెండవదానిని, మూడవదానిని వేర్వేరుగ పోయుమనుటయు ఆయన మాటయే. పొయ్యిప్రక్కన జాడినుంచిన మా వంటింటిని, కిటికీలో సీసానుంచిన నన్నును ఆ వృద్ధకృషీవలుడు చూచియుండినచో నేమనెడివాడో!

రోమునగరమున టైబరునది యొడ్డున మోంటే టెస్టాచ్చో యనుగుట్ట కలదు. చుట్టుకొలత సుమారు ఒక కిలోమీటరు, ఎత్తు దాదాపు 35 మీటర్లు. పైన గడ్డియు చెట్లును మొలచి, దూరమునుండి చూచువారికి సహజమైన కొండయేయని తోచును. కాని కాలితో మట్టిని కొంచెము కదలించినచో క్రిందినుండి పెంకులు గలగలమనును. ఆ కొండ యంతయు పగిలిన నూనెకుండల గుట్ట. అందులో అయిదుకోట్లకు పైగా భాండముల పెంకులున్నవని అంచనా. వానిలో మిక్కిలిభాగము నేటి స్పెయినులోని గ్వాదల్‌కివీర్ నదీతీరమున చేసినవి: గుండ్రని బొఱ్ఱ, పొట్టిమెడ, రెండు బలమైన చెవులు. ఖాళీకుండ బరువే సుమారు 30 కిలోలు. అందు పట్టునూనె 70 కిలోలు. ఓడలమీద వచ్చిన నూనెను రేవులో పెద్దపాత్రలలోనికి వంచుకొని, కుండలను తెచ్చి యిచట పగులగొట్టి మెట్లుమెట్లుగా పేర్చెడివారు.

అంత మంచి కుండలను ఏల పగులగొట్టిరి? ద్రాక్షాసవపు కుండలు మఱియొక పనికి వచ్చెడివి, నూనెకుండ రాదు. నూనె మట్టిలోనికి ఇంకి, అందే కనరెక్కి, మరల పోసిన క్రొత్తనూనెకు తన దుర్గుణమును పంచును. ఆ పెంకుల కంపు భరింపరానిదగుటచేతనే పొరపొరకును నడుమ సున్నము చల్లుచుండిరి. ఆ తెల్లని చాఱ లిప్పటికిని త్రవ్వకములలో కనబడుచున్నవి. గృహస్థుడు పాతసీసాలో మిగిలిన అడుగునూనెపై క్రొత్తనూనెను పోయుట ఎంత తప్పో యీ కొండ చెప్పినంత గట్టిగా నే శాస్త్రగ్రంథమును చెప్పజాలదు.

1872 ప్రాంతమున హైన్రిష్ డ్రెస్సెల్ అను జర్మను పండితుడు ఆ పెంకులను ఒక్కొక్కటిగా చేతబట్టి, తుడిచి, వానిపైని అక్షరములను చదువుట కారంభించెను. కుండల భుజములపై మసితో వ్రాసిన వ్రాతలుండెను: ఖాళీకుండ బరువు, పంపిన వర్తకుని పేరు, పోసిన నూనె బరువు, చెవి ప్రక్కన చిన్నయక్షరములతో, తనిఖీచేసిన యూరు, ఆ యేటి పాలనాధిపతులైన కాన్సలుల పేర్లు. కాన్సలుల పేర్లే రోమనులకు సంవత్సరసంఖ్య. అనగా కొన్నవానికి ఆ నూనె యే యేటిదో ఎవరిని అడుగనక్కఱలేకయే తెలిసెడిది. 1989 మొదలు స్పెయిను దేశపు పండితులు బ్లాస్కెజ్, రెమెసాల్ మొదలగువారు అచట మరల త్రవ్వి యిట్టి వ్రాతల నెన్నియో చదివిరి. ఆ గుట్టను గుఱించి మఱియొక విశేషము: పెంకుల సందులగుండ చల్లనిగాలి వీచుచుండుట గమనించి, తరువాతి రోమునగరవాసులు దాని యడుగున గుహలు తొలిపించి ద్రాక్షాసవమును దాచుకొనిరి. నూనెకు పనికిరాని కుండలు ఆసవమునకు చలువనిచ్చినవి.

రోమనుల కుండల తునకలు మన దేశపు తీరమునకును కొట్టుకొనివచ్చినవి. పుదుచ్చేరి దగ్గఱ అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించినపుడు దొరకిన రోమనుకుండలలో ఆసవపు కుండలే యెక్కువ. వానితోబాటు అడ్రియాటిక్ సముద్రపు ఉత్తరతీరమునుండి నూనె తెచ్చిన కుండల ముక్కలును ఉన్నట్లు పిదప గుర్తించిరి. నెలల ప్రయాణము, నడినెత్తిన దక్షిణాది యెండ. ఆ నూనె ఇచట దిగునాటికి దాని రుచి యెట్లుండెనో ఊహించుటకు నా కిటికీలోని సీసా చాలును.

మట్టి యొక్కటియే నూనెకు ఆశ్రయము కాలేదు. అలీబాబా కథ తెలుగువారి కందఱకును తెలిసినదే. 1970లో విఠలాచార్య తీసిన చలనచిత్రమువలన చదువురానివారికిని అది కంఠస్థమైనది. దొంగలు దాగిన నూనెపాత్రలను మనము మట్టిగాబులుగానో పింగాణి జాడీలుగానో ఊహించుకొనుట పరిపాటి. కాని అలెప్పో నగరవాసియైన హన్నా దియాబ్ 1709లో పారిసులో చెప్పగా విని ఆంత్వాన్ గలాఁ వ్రాయగా మొట్టమొదట అచ్చైన కథలో అవి తోలుపాత్రలు: పందొమ్మిది కంచరగాడిదలపై ముప్పదియెనిమిది, ఒక్కదానియందు మాత్రమే నూనె. అలెప్పో ఒలీవతోటల నడుమనున్న పట్టణము. ఆ కథకునకు నూనెరవాణా కన్నెదుటి సంగతి. జంతువు వీపున కొండదారిని పోవు నూనెకు మట్టికుండ పనికిరాదు. తోలు పగులదు, వెలుతురును రానీయదు. తిత్తియైనచో మఱియొక సుగుణము: నూనె తీసినకొలది అది ముడుచుకొనుచు లోన గాలికి చోటీయదు. మన పూర్వులకును ఈ సంగతి తెలియకపోలేదు. నూనెయు నేయియు పోసికొను తోలుబుడ్డికి ‘సిద్దె’ యని మనకు చక్కని మాట కలదు. వస్తువు పోయినది, మాట నిఘంటువులో మిగిలినది.

ఇటలీదేశపు మడమభాగమున, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన గల్లిపోలి పట్టణమును గుఱించి కొంత నిదానించి చెప్పవలెను. ఏలయన నూనెను కాచుటలో నంతటి ఘనకార్యము మఱియెచటను జరిగినట్లు నాకు తోచదు. ఆ పట్టణము క్రిందంతయు మెత్తని సున్నపురాయి. ఇంటింటిక్రింద గానుగలను రాతిలోనికి తొలిచిరి. వానిప్రక్కనే నూనెబావులను తొలిచిరి. కొలుమెల్లా కోరిన వెచ్చదనము భూగర్భమున ఊరకయే లభించినది: చలికాలమున పైన నూనె పేరుకొనుచుండ, క్రింద అది ధారగా జాఱెడిది. పనివారు శరత్తునుండి వసంతమువఱకు ఆ గుహలలోనే గాడిదతోగూడ నుండి, తిని, నిదురించెడివారు. వారి నాయకుని ‘నాకిరో’ యనెడివారు. ఓడ సరంగునకు గ్రీకుభాషలోనున్న పేరది. నేలక్రింద సూర్యుని చూడక నెలల తరబడి మెలగువారికి తమ గానుగ యొక ఓడగా తోచుట సహజమే.

రాతిబావిలో నూనె నిశ్చలముగా నిలిచి, మడ్డి దిగిపోయి, అద్దమువలె తేటపడెడిది. ఆ తేటదనమే గల్లిపోలి ధనము. యూరపు ఉత్తరనగరముల దీపములు దానితో వెలిగినవి. ఉన్నిమిల్లులును సబ్బుల కార్మికులును దానిని కోరిరి. ఓడలు రేవులో కాచియుండగా, పీపాలు బిగించుటలో నేర్పరులైన యచటి వడ్రంగుల కొయ్యపీపాలలో నూనె నింపి పంపెడివారు. ఆ పట్టణపు వైద్యుడు జొవాన్నీ ప్రేస్తా 1794లో ఒలీవచెట్టును, కాయను, నూనె తీయు విధమును గుఱించి పెద్దగ్రంథము ప్రకటించి, కుళ్ళిన కాయనుండి మంచినూనె రాదని తనవారికి నచ్చజెప్పుటకు ప్రయత్నించెను. వారిది దీపపు నూనెయగుటచే రుచిచింత యంతగా నుండెడిది కాదు. రాత్రింబగళ్ళు పొగదీపముల వెలుగుననే గానుగ త్రిప్పిరి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున కిరసనాయిలు వచ్చి యా దీపములను, ఆ దీపములతో గల్లిపోలి వైభవమును ఆర్పివేసినది.

ఇంతవఱకు చెప్పిన కుమ్మరులకును, గానుగవారికిని తెలియని కారణములను రసాయనశాస్త్రము తరువాత తెలిపినది. ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రల్ 1823లో ప్రకటించిన గ్రంథముతో నూనె యనగా గ్లిసరినును కొవ్వు ఆమ్లములును కూడిన పదార్థమని తేలినది. ఆ యామ్లములలో గాలిలోని ప్రాణవాయువు మెల్లగా చొరబడుటయే కనరుటకు మూలము. వేడి ఆ చొరబాటును వేగిరపఱచును. రాగియు ఇనుమును రవ్వంత తగిలినను దానికి తోడ్పడును. రాగిపాత్రకు కళాయి పూయింపక చింతపులుసు కాచరాదని యెఱిగిన మన గృహిణులు నూనెవిషయముననుగూడ ఆ జాగ్రత్తనే పాటింపవచ్చును. వెలుతురు చేయు పని మఱింత విచిత్రమైనది. పచ్చని ఒలీవ నూనెకు ఆ రంగునిచ్చునది ఆకులలోని పత్రహరితమే. చెట్టుపై నున్నపుడు ఏ పదార్థము సూర్యకాంతిని పట్టి చెట్టునకు అన్నముగా మార్చునో, సీసాలో పడినపిదప అదే పదార్థము అదే కాంతిని పట్టి ప్రాణవాయువును నూనెపైకి ఉసిగొల్పును; చీకటిలో నుంచినచో నెట్టి హానియు చేయదు. మా కిటికీలో రెండుమాసములు జరిగినది ఇదియే. గోడమీద పడిన యా పచ్చని నీడను చూచి నేను సంతోషించుచున్న ప్రతిక్షణమును లోపల నూనె క్షీణించుచుండెను.

మఱి మా అమ్మమ్మ జాడి? అదియు తేలినది. పింగాణి జాడి వెలుతురును రానీయదు. వాసెన దుమ్మును ఆపును. అంతకుమించి, నువ్వులలో స్వతస్సిద్ధముగా నున్న కొన్ని ద్రవ్యములు వాని నూనెను కనరకుండ చిరకాలము కాపాడును. ఒలీవ నూనెలోను అట్టి రక్షకద్రవ్యములు లేకపోలేదు; గొంతున కొంచెము కారముగా, చేదుగా తగులునవి అవియే; కాని అవి గాలికిని వెలుతురునకును ముందుగా తామే బలియై తఱిగిపోవును. నువ్వులనూనె మన తప్పులను క్షమించినది. ఆ క్షమకు అలవాటుపడిన చేతులతో మనము క్షమ లేని నూనెను పట్టుకొంటిమి.

పాత్రల కథలో మిగిలినది కొంచెమే. ఫ్లారెన్సునకు సమీపమున ఇంప్రునేతా కుమ్మరులు 1308 నాటికే సంఘముగా నేర్పడియుండిరి. లోపల మెఱుగుపూసి, పైన కొయ్యమూత పెట్టిన వారి ‘ఓర్చో’ జాడీలు నిన్నమొన్నటివఱకు టస్కనీ పల్లెయిండ్ల చీకటిగదులలో వరుసలుదీరి యుండెడివి. 1810లో ఇంగ్లండున పీటర్ డ్యూరండు రేకుడబ్బాకు హక్కుపత్రము పొందిన పిదప, ఆ శతాబ్దము చివఱకు లూకా, జెనోవా వర్తకులు రంగురంగుల బొమ్మలచ్చువేసిన రేకుడబ్బాలలో నూనెను అమెరికాకు వలసపోయిన తమవారికి పంపసాగిరి. రేకుడబ్బా మట్టికుండ చేసిన మేలునే చేసినది: చీకటినిచ్చినది. ఆ మేలును పోగొట్టినది అంగడిలో కంటికింపుగా కనబడవలెనని వచ్చిన తెల్లగాజు సీసా. గాజుపై నాకు ద్వేషము లేదు. ముదురురంగు గాజు మంచిదే. కాని నూనె రంగును చూపుటకై నూనెను బలియిచ్చుట నాకు బాధ కలిగించుచున్నది.

ఈమధ్య మా మేనల్లుడు మరల వచ్చినపుడు, నేను కోరిన ప్రకారము సీసా గాక డబ్బా తెచ్చెను. మా కోడలు దానిని తెఱచినదినముననే, కడిగి రెండుదినములు బాగుగా ఆరబెట్టిన చిన్న గోధుమరంగు సీసాలోనికి పదిహేనురోజులకు సరిపడు నూనెను వంచి, డబ్బామూతిని పొడిగుడ్డతో తుడిచి, గట్టిగా బిగించినది. ఆ చిన్నసీసా ఖాళీయైనపుడెల్ల సబ్బునీటితో కడిగి, ఆరినపిదపనే మరల నింపుచున్నది. అడుగునూనెపై క్రొత్తనూనె పోయుట మాన్పించితిమి. రెండు మూడు మాసములలో డబ్బా పూర్తిచేయవలెనని యనుకొంటిమి. దానిని పొయ్యికి దూరముగా, తలుపులున్న బీరువాలో అన్నిటికంటె క్రిందియరలో, అమ్మమ్మనాటి జాడి ప్రక్కన నుంచితిమి. పెట్టుటకు ముందు నేను నల్లసిరాకలముతో డబ్బా భుజముపై, కాయకోసిన యేడును, మేము మూత తీసిన తేదిని వ్రాసితిని.